మెదక్‌లో హర్రాజుకొచ్చిన కెమెరా

బల్ల మీద పంచాయితీ

మెదక్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ స్టూడియోకి వచ్చిన ప్రతివాడూ తన ఫోటో సంగతి పక్కన పెట్టి, "ఏమండీ, అక్కడ ఇంకా తుపాకులు పేలుతున్నాయా?" అని అడుగుతున్నాడు. నాయనలారా, నేను వెళ్ళేసరికి పోలీసు యాక్షన్ అయిపోయి నెలలు గడిచాయి. రజాకార్లు లేరు. మిలటరీ ఉంది, బస్సులు తిరుగుతున్నాయి, టీ బ్రహ్మాండంగా దొరుకుతోంది. నేను తిరిగిన దారిలో పేలింది ఒక్క బస్సు టైరే. అడక్కపోయినా ఆ సంగతీ చెబుతాను.

బెజవాడలో క్యాలెండర్లు అచ్చువేసే ఒక ప్రెస్సు యజమానికి మెదక్ పెద్ద చర్చి బొమ్మ కావలసి వచ్చింది. "అడుగు నుంచి శిఖరం దాకా ముక్క తగ్గకూడదు. నిటారుగా నిలబడాలి" అని ఆయన షరతు. నిటారుగా అన్నాడంటే చిన్న కెమెరా పనికిరాదు. దాన్ని పైకెత్తి తీస్తే ఎంత గొప్ప గోపురమైనా తాగినవాడిలా వెనక్కి వాలుతుంది. పెద్దాయన రావలసిందే.

పెద్దాయన అంటే మా తోలుతిత్తి కెమెరా. టేకు చెక్క ఒళ్ళు, ఇత్తడి అంచులు, విడిగా మూడు కాళ్ళు, తల మీద కప్పుకునే నల్లగుడ్డ, గాజు పలకల పెట్టె. ఆయన కదిలితే పెళ్ళివారు కదిలినట్టే. ఇక చిన్నోడు ఉన్నాడు. మడిస్తే కోటు జేబులో పట్టే జర్మనీ కెమెరా. ఫిల్ము చుట్ట ఒకటి వేస్తే ఎనిమిది బొమ్మలు. యుద్ధం అయ్యాక దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర, మా ఆవిడ వెండి చెంబులు అమ్మి మరీ కొన్నాను. ఆ చెంబుల మాట మా ఇంట్లో వారానికోసారైనా వస్తుంది.

మామూలుగా నాకు లెక్క స్పష్టంగా ఉంటుంది. పెళ్ళికి పెద్దాయన, ఆయనతోపాటు భగ్గుమనే మెగ్నీషియం పొడి. చావింటికి పెద్దాయన ఒక్కడే చాలు, అక్కడ బొమ్మకి కూర్చున్నవారు కదలరు. తిరునాళ్ళకి, పడవ షికారుకి చిన్నోడు. కానీ తెలియని దేశానికి, మిలటరీ తిరుగుతున్న రోజుల్లో ఏం పట్టుకెళ్ళాలి? బల్ల మీద సామానంతా పరిచి రెండు పూటలు తల పట్టుకున్నాను. పక్కింటి రైల్వే గార్డు వచ్చి మెగ్నీషియం డబ్బా చూసి, "ఇదీ, మూడుకాళ్ళదీ కలిపి పట్టుకెళితే మిమ్మల్ని బాంబులవాడని అక్కడే కూర్చోబెడతారు" అన్నాడు. పొడి ఆగిపోయింది. పెద్దాయన తప్పదు. చిన్నోణ్ణి వదలబుద్ధి కాలేదు.

అంతా సర్దాక మా ఆవిడ కామాక్షి, ఫిల్ము కడిగే మందు పొట్లాలు, ఎండలో బొమ్మ అచ్చుపడే కాగితం, తన పాత ఎర్రచీర ముక్క ఒకటి తెచ్చి పెట్టెలో కుక్కింది. మా స్టూడియోలో బొమ్మ తీసేది నేను. చీకటి గదిలో దాన్ని కడిగి బయటికి తెచ్చేది ఆవిడ. మందులో బొమ్మ ఎంతసేపు ఉండాలో గడియారం చూసి కాదు, దేవుడి నామాలు నూటెనిమిదీ చదివి లెక్క కడుతుంది. నాకు ఇరవై దాటితే రావు.

"అక్కడ కడిగేదెవరే? బరువు దండగ" అని తీసేశాను.

"నేను లేకపోతే మీకు చేతులు లేవా?" అని మళ్ళీ పెట్టింది. ఆ వాదన గెలవడం నా వల్ల కాదు. పొట్లాలు నాతో బయలుదేరాయి.

అక్కన్నపేట దాటాక

అక్కన్నపేట స్టేషన్లో రైలు దిగి మెదక్ బస్సెక్కాను. వెనక బొగ్గు డ్రమ్ము కట్టి, పెట్రోలుకి బదులు ఆ బొగ్గు గ్యాసుతో నడిపే బస్సు. పెద్దాయన పైన, చిన్నోడు జేబులో, కాళ్ళు నా కాళ్ళ మధ్య. సగం దారిలో ఢామ్మని చప్పుడైంది. అందరం సీట్ల కిందికి దూరాం. టైరని తెలిశాక ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

చక్రం మార్చేదాకా రోడ్డు పక్క టీ బండి దగ్గర చేరాం. కాఫీ అడిగితే ఆ బండివాడు నాకు జ్వరమేమోనన్నట్టు చూశాడు. టీ మాత్రం పాలు మరిగి మరిగి పాయసంలా ఉంది. అణా తీసి ఇస్తే అటూ ఇటూ తిప్పి, "కల్దారా, హాలీయా?" అన్నాడు. మన ప్రభుత్వం డబ్బుని అక్కడ కల్దారంటారు, నిజాం డబ్బుని హాలీ అంటారు. మనదానికి విలువ ఎక్కువట. అంటే కూర్చున్నచోటే నేను కాస్త ధనవంతుణ్ణయ్యాను. ఆ ఊపులో ఇంకో టీ తాగాను.

బస్సులో నా ముందు సీట్లో కూర్చున్న కుర్రాడొకడు, నేను టీ బండికి ఆనించిన కెమెరా కాళ్ళు చేత్తో ఎత్తి చూస్తున్నాడు. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. నల్లగా నిగనిగలాడే ఒత్తు జుట్టు, దానికి తగ్గ మీసం. బట్టతలవాణ్ణి, నాకు ముందు కనిపించేది ఎదుటివాడి జుట్టే.

"ఏంది సారూ గివి? పెండ్లి పందిరి గుంజలా?"

"కెమెరా కాళ్ళు బాబూ."

"మూడేనా? నాలుగోది ఏడ పాయె?" అని తనే పకపకా నవ్వాడు. నేను చిన్నోణ్ణి తీసి చూపించేసరికి వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "గింత డబ్బల మనిషి పడతడా?"

"పడతాడు. నిలబడు" అన్నాను. ఫోటోగ్రాఫర్ జేబులో దువ్వెన, చిన్న అద్దం ఎప్పుడూ ఉంటాయి. వాడికిచ్చాను. ఒకసారి ఎడమ పాపిడి, ఒకసారి కుడి పాపిడి, మళ్ళీ ఎడమ. బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. చివరికి నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాడు. తీశాను.

"కడిగి పంపుతాను, ఏ ఊరు?"

వాడు దువ్వెన తుడిచి ఇచ్చాడు. "మా అమ్మకియ్యిండ్రి సారూ. మెదక్‌ల పేట చివర చిన్న ప్రార్థన గుడి ఉంటది. దాని పక్కపొంటి బాలమ్మ అంటే ఎవలైన చెప్తరు. దానేలు మంచిగున్నడు, కడుపునిండ తింటుండు అని చెప్పుండ్రి. రెండేండ్లాయె ఆమె నన్ను చూడక."

"ఈ బస్సు వెళ్ళేది మెదక్కే కదయ్యా. నువ్వే చెప్పొచ్చుగా?"

"నాకు గీడ జర పనుంది" అని కంది చేలకు అడ్డంపడి నడిచాడు. కొంత దూరం వెళ్ళాక వెనక్కి తిరిగి, జుట్టు సవరించుకున్నట్టు చెయ్యి తిప్పి, నవ్వి, చేలల్లో కలిసిపోయాడు. భలే సరదా మనిషి అనుకున్నాను.

తలకిందులైన హవల్దారు

ఊరికి కాస్త ఇవతల మిలటరీవాళ్ళు బస్సు ఆపారు. ఉత్తరాది హవల్దారు, అతనితో నలుగురు జవాన్లు. సంఘంవాడొకడు, అంటే కమ్యూనిస్టు, ఈ దారిన వస్తున్నాడని తెలిసిందట. కుర్రవాడు, నల్లటి ఒత్తు జుట్టు, మీసం. ఎవరైనా చూశారా అని హిందీలో అడుగుతున్నాడు. అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. నా జేబులో దువ్వెనకి ఇంకా వాడి తలనూనె వాసన పోలేదు. పక్క జేబులో చిన్నోడి కడుపులో వాడి మొహమే ఉంది.

నాకు రాజకీయాలు తెలియవు. సంఘంవాళ్ళు మంచివాళ్ళా కాదా అంటే చెప్పలేను. వాడు నా ఎదుట మూడుసార్లు తల దువ్వుకున్నాడు, వాళ్ళమ్మకి ఫోటో ఇవ్వమన్నాడు, అంతే నాకు తెలిసింది. నోరు మూసుకున్నాను.

ఈలోగా జవాన్ల కళ్ళు నల్లగుడ్డ చుట్టిన మూడు కాళ్ళ మీద పడ్డాయి. "బందూక్!" అని ఒకడు అరిచాడు. తుపాకీ కాదు బాబూ అని వచ్చీరాని హిందీలో మొత్తుకుంటే వినరే! చివరికి రోడ్డు మధ్య పెద్దాయన్ని నిలబెట్టి, నల్లగుడ్డ కిందికి జవానుని దూర్చాను. వెనక గాజు మీద లోకం తలకిందులుగా కనిపిస్తుందని మనకి తెలుసు, పాపం అతనికి తెలియదు. వాళ్ళ హవల్దారు తలకిందులుగా, టోపీ కింద, బూట్లు ఆకాశంలో పెట్టుకుని నిలబడ్డాడు. గుడ్డ కింద నవ్వు మొదలైంది. ఒకడి తరవాత ఒకడు దూరి నవ్వారు. హవల్దారు తనూ చూస్తానని వచ్చి, తనకి బదులు తన జవాన్లు తలకిందులవడం చూసి మరీ నవ్వాడు.

తరవాత వరుసగా నిలబడ్డారు. ఒక గాజు పలక సమర్పించుకున్నాను. పోయేముందు హవల్దారు నా కోటు జేబు తట్టి, ఇందులో ఏముందన్నాడు. చిన్నోణ్ణి చూపించి, "ఖాళీ సాబ్" అన్నాను. పొమ్మని చెయ్యి ఊపాడు.

మాస్టారింటి పచ్చిపులుసు

మెదక్‌లో నాకు బస ఏర్పాటు చేసింది ప్రెస్సు యజమాని స్నేహితుడు, బడిపంతులు దేవదానం మాస్టారు. సన్నగా, పొడుగ్గా, ప్రతి మాటకీ ముందు ఒకసారి దగ్గే మనిషి. దిగీదిగగానే జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, మిరప తొక్కు పెట్టారు. చారు కాచకుండా తాగడమేమిటని మనసులో అనుకున్నాను. చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ పిసికి కలిపారు, అంతే. మూడో గిన్నె అయ్యాక గాని తల ఎత్తలేదు.

"ఇంక జర ఏస్కోండ్రి సారూ. మీ దిక్కు గిట్ల చేసుకోరా?"

"మా వైపు ఇంత తెలివి లేదండీ" అన్నాను. మాస్టారు దగ్గి, నవ్వి, ఇంకో రొట్టె వేశారు.

ఆ చొరవతో దారిలో దానేలు కలిసిన సంగతి మొదలెట్టాను. పేరు వినగానే ఆయన లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"గీ మాట మల్ల ఎవ్వలతోటి అనకుండ్రి. గాడు నల్లగొండ దిక్కు రాళ్ళు కొట్టే పనికి పోయి ఆడ సంఘంల కలిసిండు. గప్పుడు రజాకార్లు ఎతికిండ్రు, ఇప్పుడు మిలటరోళ్ళు ఎతుకుతుండ్రు. బాలమ్మకు ఒక్కడే కొడుకు. ఉన్నడో లేడో అని రెండేండ్ల సంది పరేషానుల ఉన్నది."

"ఫోటో ఉంది కదా. చూపిస్తే ప్రాణం కుదుటపడుతుంది."

"గదే గద సారూ. ఆమె తాన వాని ఫోటువ ఒక్కటి గూడ లేదు" అన్నారు మాస్టారు.

ఎంత వెనక్కి నడిచినా

మర్నాడంతా చర్చి దగ్గరే. పేపర్లో చూసిన బొమ్మకీ ఎదురుగా నిలబడి చూసినదానికీ ఏమీ పొంతన లేదు. మెడ నొప్పెట్టేదాకా చూశాను. కరువులో ఊరివాళ్ళకి పని పెట్టి, పనికి అన్నం పెట్టి కట్టించారట. "మా నాయన సున్నం మోసిండు. గా కరువుల మా ఇంట్ల పొయ్యి మండిందంటే గీ గోడల పుణ్యమే" అని మాస్టారు గోడ మీద చెయ్యి వేసి చెప్పారు.

పెద్దాయన్ని నిలబెట్టి చూస్తే శిఖరం రాదు. లెన్సు బిగించిన ముందు చెక్క పైకంటా జరిపాను. అప్పటికీ రాదు. వెనక్కి నడిచాను. ఇంకా వెనక్కి. ఆవరణ దాటి, రోడ్డు దాటి, కోసిన మడిలో దిగి, నల్లగుడ్డ కింద తల పెట్టి చూసుకుంటూ నడుస్తుంటే వెచ్చగా ఏదో నడ్డికి తగిలింది. తిరిగి చూస్తే గేదె. అది నా నల్లగుడ్డ చూసి తమ జాతిదే అనుకుందో ఏమో, పక్కకి జరిగి చోటిచ్చింది. అక్కడి నుంచి శిఖరం వచ్చింది, సిలువతో సహా, నిటారుగా. నాలుగు పలకలు తీశాను. నేను వచ్చిన పని ఆ మడిలోనే అయిపోయింది.

బాలమ్మ

సాయంత్రం మాస్టారు నన్ను పేట చివరికి తీసుకెళ్ళారు. పెద్ద చర్చితో పోలిస్తే అగ్గిపెట్టెంత ప్రార్థన గుడి, దాని పక్కన తాటాకు ఇల్లు. బాలమ్మ వడ్లు చెరుగుతోంది. ఎండిపోయిన చిన్న మనిషి, గట్టి గొంతు. మాస్టారు లోపలికి పిలిచి చెవిలో చెప్పారు. చేట చేతిలోనే ఉంది, గింజ ఒకటి రాలలేదు.

"తింటుండా?"

"కడుపునిండా తింటున్నాడమ్మా. అలాగే చెప్పమన్నాడు. నవ్వుతున్నాడు కూడా."

"నవ్వుతడు. గాడు సచ్చే కాలమొచ్చినా నవ్వుతడు" అని తిట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. నేను వాతావరణం తేలిక చేద్దామని కోటు జేబులోంచి చిన్నోణ్ణి తీసి, "ఇదిగో, మీవాడు ఇందులోనే ఉన్నాడు" అన్నాను. నా నోటికి తాళం వెయ్యాలి.

రెండు చేతులతో అందుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది. "తెరువు సారూ. ఒక్క పారి చూస్త."

"తెరిస్తే పోతాడమ్మా. వెలుతురు తగిలితే ఫిల్ము మీద ఏమీ మిగలదు. చీకట్లో మందుతో కడగాలి, ఆరాలి, అప్పుడు..."

"వెలుతురు తాకితే పోతడా?"

"అంతే."

"మా వోనిది సుత గంతే గద. పగటీలి కనవడితే పట్టుకపోతరు" అంది. డబ్బా మాత్రం వదలలేదు. బెజవాడ వెళ్ళగానే కామాక్షి చేత కడిగించి పంపుతానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మా గుడి కట్టినప్పుడు ఒకాయన గిట్లనే వచ్చిండు. అందరిని నిలవెట్టి ఫోటువ తీసిండు, పంపుత అన్నడు. గా ఫోటువల మా ఆయన ఉండె. మా ఆయన పాయె, ఆ ఫోటువ రాకపాయె."

మా వృత్తిలో అలాంటివాళ్ళు ఉన్నారు. మర్నాడు ఆ చిన్న గుడిలో కోత పండుగ, దానికి తప్పక వస్తానని చెప్పి కెమెరా తిరిగి తీసుకున్నాను. తీసుకునేటప్పుడు కొంచెం గుంజవలసి వచ్చింది.

కోత పండుగ

మన వైపు కొత్త పంట వస్తే ఎవరింట్లో వాళ్ళు పొంగలి పెట్టుకుంటాం. ఇక్కడ క్రైస్తవులు తొలి పంట గుడికి తెచ్చి దేవుడి ముందు పెడతారు. పాటలు పాడుకుంటూ వరుసలో నడిచి, ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళు బల్ల ముందు పెట్టి రావడం. రజాకార్ల గొడవల్లో రెండేళ్ళు ఈ పండుగ సరిగా జరగలేదట. ఆ బాకీ అంతా ఈసారి తీర్చుకున్నారు. ఎల్దుర్తి, శివ్వంపేట నుంచి కూడా చుట్టాలు దిగారు. వడ్ల బుట్టలు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒక మేకపిల్ల, బెల్లం ముద్దలు.

గుడి లోపల మసక. మెగ్నీషియం పొడి ఉంటే ఎంత బాగుండునని రైల్వే గార్డుని తిట్టుకున్నాను. పొడి లేదు గనుక లెన్సు మూత తీసి చాలాసేపు ఉంచాలి. మనుషులు నిలబడతారు, కోళ్ళకి ఎవరు చెబుతారు? రెండు చేతులూ పెద్దాయన మీద కావాలి. గుడ్డ కింద ఉక్క, కోటు విప్పితే చిన్నోణ్ణి ఎక్కడ పెట్టాలి? పక్కనే వడ్ల బుట్టతో బాలమ్మ ఉంది. "కాస్త పట్టుకో అమ్మా" అని ఆవిడ చేతిలో పెట్టి, నల్లగుడ్డ కిందికి దూరాను.

గాజు మీద తలకిందులుగా వరుస కదులుతోంది. కోళ్ళు ఆకాశంలో వేలాడుతున్నాయి. తలకిందుల బాలమ్మ వచ్చింది. వడ్ల బుట్ట పెట్టింది. దాని పక్కన చిన్నోణ్ణి పెట్టింది. చేతులు జోడించింది. వెళ్ళిపోయింది.

నేను గుడ్డలోంచి బయటపడేసరికి చిన్నోడి మీద గుమ్మడికాయ పడింది.

"అదేమిటమ్మా, అది నాది!" అని పరుగెత్తి వెళ్ళాను.

"దేవుని ముందటికి పోయేటప్పుడు చేతిల ఉన్నదంత పెట్టాలె గద సారూ. ఒకటి పెట్టి ఒకటి దాసుకుంటమా?" అంది, నాకే బుద్ధి లేనట్టు.

మాస్టారు దగ్గర మొరపెట్టుకున్నాను. ఆయన రెండుసార్లు దగ్గారు. "పెట్టినంక దేవునిది సారూ. మేము తీసి ఇయ్యరాదు. ప్రార్థన అయినంక అన్నీ హర్రాజు పెడతం. పాట పాడి తీస్కోండ్రి."

"నా కెమెరా నేను కొనుక్కోవాలా!"

"నేను గూడ నా గుమ్మడికాయ నేనే కొంటున్న" అన్నారు మాస్టారు.

హర్రాజు

హర్రాజు, అంటే వేలం, వేసేదీ మాస్టారే. కోడిపుంజు వెళ్ళింది, గుమ్మడికాయ మాస్టారే ఎక్కువ పాడి కొనుక్కున్నారు, కొన్నదాన్ని మళ్ళీ గుడికే ఇచ్చి ఇంకోసారి పాడించారు. నవ్వులే నవ్వులు. తరవాత చిన్నోడు ఆయన చేతిలో పైకి లేచాడు. "గిది ఫోటువ డబ్బ. బెజవాడ సారుది. కాదు, దేవునిది. పాడుండ్రి!"

నేను రూపాయి అన్నాను. అతిథిని చూసి అందరూ నవ్వి ఊరుకున్నారు. నేను చెయ్యి చాచాను.

"రూపాయి, ఒక కోడి" అంది వెనక నుంచి గట్టి గొంతు.

గుడంతా తిరిగి చూసింది. "బాలమ్మా, నీకెందుకే ఫోటువ డబ్బ? అండ్ల వడ్లు దంచుతవా?" అని ఆడవాళ్ళు ఆటపట్టించారు. ఎందుకో తెలిసినవాళ్ళం అక్కడ ముగ్గురమే. ఎవరమూ పైకి చెప్పే వీల్లేదు. మాస్టారు నా వైపు చూశారు. దగ్గు కూడా రాలేదు ఆయనకి.

నేను రెండు రూపాయలన్నాను. పీనాసితనంతో కాదు. ఆ డబ్బా ఆవిడ చేతికి వెళితే గుమ్మం దాటకముందే తెరుస్తుంది. కొడుకు మొహం అక్కడికక్కడే మాయమైపోతుంది. నా దగ్గరుంటే కనీసం బతుకుతుంది.

"రెండు కోళ్ళు" అంది. "ఇంక, గుడి పొలంల నాలుగు దినాల కూలి."

"మూడు" అన్నాను, గొంతు తగ్గించి. అప్పుడు బాలమ్మ లేచి నా దగ్గరికొచ్చింది. నలుగురికీ వినబడకుండా, "నువ్వు పాడకు సారూ. నువ్వు పోతవు. గా ఫోటువలాయన గిట్లనే పాయె" అంది. తిట్టినా బాగుండేది. బతిమాలింది.

నాకు సిగ్గేసింది. పంపుతాననే మాట తప్ప నేను ఆవిడకిచ్చిందేముంది? ఆ మాట ఆవిడ ఇదివరకే ఒకసారి నమ్మింది. నా మూడూ తీసేయమని మాస్టారికి చెయ్యి ఊపాను.

"బాలమ్మది రూపాయి, రెండు కోళ్ళు, నాలుగు దినాలు. ఇంకెవలన్న ఉన్నరా? ఒకటోపారి... రెండోపారి..." మాస్టారు సాగదీశారు, నా కోసమే. నేను నేల చూశాను. "మూడోపారి!"

చిన్నోడు బాలమ్మ ఒడిలోకి వెళ్ళిపోయాడు. మా ఆవిడ వెండి చెంబులు కళ్ళముందు కదిలాయి.

వడ్ల గదిలో

"తెరవకమ్మా" అన్నాను గుడి బయట. "నీదే, నీ దగ్గరే ఉంచుకో. కానీ ఇప్పుడే, ఇక్కడే కడుగుదాం. నీ ఎదురుగా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పా" అంది.

మాస్టారింట్లో కిటికీ లేని వడ్ల గది ఉంది. సందులకి గోనెలు కప్పాం. లాంతరుకి కామాక్షి ఎర్రచీర ముక్క చుట్టాం. నేను దండగ అన్న పొట్లాలు విప్పి, నీళ్ళలో కలిపి, పళ్ళేలలో పోశాను. అంతవరకూ బాగానే ఉంది. ఫిల్ము చుట్ట సగం విప్పి ఆగిపోయాను. పాతికేళ్ళుగా ఈ పని కామాక్షిది. ఉన్నది ఒక్క బొమ్మ, పాడుచేస్తే మళ్ళీ తీయడానికి మనిషి ఎక్కడున్నాడో తెలియదు.

"ఏమాయె సారూ?"

"ఆ కొస పట్టుకో అమ్మా." ఉతికిన చీరని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొస పట్టి జాడించినట్టు, ఫిల్ముని మందులో ముంచుతూ ఇటు నేను, అటు ఆవిడ ఎత్తి దించుతున్నాం. ఎంతసేపు? నామాలు మొదలెట్టాను. ఇరవై దగ్గర ఆగిపోయాను.

"ఏం సదువుతున్నవు?"

"ఇది లెక్క. దేవుడి పేర్లు. ఇంత పొడుగున చదవాలి, నాకు రావు."

"గంతేనా? నాకు కీర్తన వస్తది. ఎంత పొడుగు గావాలె?" అని ఎత్తుకుంది. చరణం తరవాత చరణం. గొంతు పాడుతుంటే చేతులు ఆ లయకే లేస్తూ దిగుతున్నాయి. మా ఇద్దరి దేవుళ్ళూ ఆ వడ్ల గదిలో సర్దుకున్నారనే అనుకుంటాను. ఎర్రటి వెలుగులో ఫిల్ము మీద మరక పడింది. మరక చొక్కా అయింది. పైన తల వచ్చింది.

"చాలమ్మా" అన్నాను. రెండో మందులో ముంచి, నీళ్ళలో కడిగి, తలుపు తీశాం. ఇంకా నీళ్ళు కారుతున్న ఫిల్ముని వాకిట్లో ఆకాశానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. దానేలు నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాడు.

బాలమ్మ చూసింది. ముక్కు ఫిల్ముకి ఆనేంత దగ్గరగా వచ్చి చూసింది.

"జుట్టంత తెల్లగయ్యింది" అంది. "మీసం గూడ."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఫిల్ము మీద నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. మాకు రోజూ చూసేదే గనుక తోచదు. నిగనిగలాడే ఆ జుట్టు ముగ్గుబుట్టలా ఉంది. "కాదమ్మా, ఇది ఇంకా పూర్తి కాలేదు. రేపు కాగితం మీదికి ఎక్కిస్తే అసలు రంగు వస్తుంది. మీవాడి జుట్టు నల్లగా, ఇంతొత్తుగా..."

ఆవిడ వింటున్నట్టు లేదు. తెల్లజుట్టు కొడుకుని చూస్తూ నిలబడింది.

తిరుగు ప్రయాణం

మర్నాడు ఎండలో కాగితం అచ్చు తీశాను. దానేలు దానేల్లాగే ఉన్నాడు, ఎడమ పాపిడితో. ఆ ముక్క ఫిల్ము కత్తిరించి ఒక చేత్తో, ఫోటో ఒక చేత్తో పట్టుకుని వెళ్ళాను. నిజానికి ఫిల్ము ఎవరికీ ఇవ్వడం మా వృత్తిలో లేదు. ఆవిడకి చూపించడానికే తీసుకెళ్ళాను.

బాలమ్మ ఫోటో చూసింది. కొడుకు చెంప మీద వేలితో రాసింది. "గిది ఇప్పటిది" అని నా చేతిలో పెట్టేసింది. ఫిల్ము ముక్క తీసుకుంది.

"అది కాదమ్మా, ఫోటో నీది. ఇది నేను..."

"గిదే నాకియ్యి సారూ. నా కొడుకు ముసలోడయిండు. గంత దాంక బతుకుతడని దేవుడు సూపెట్టిండు." వెలుతురుకెత్తి మళ్ళీ చూసి, వాడిలాగే నవ్వింది. "మీసం జూడు, అచ్చం వాళ్ళ తాతదే."

మాస్టారు దగ్గబోయి మానుకున్నారు. "అదే మంచిది సారూ. మిలటరోళ్ళు వచ్చి చూసినా గీ ముసలాయన్ని గుర్తుపట్టరు" అన్నారు.

చిన్నోణ్ణి ఆవిడే తెచ్చి నా కోటు జేబులో దోపింది. "డబ్బ నాకెందుకు? నీ పని నువ్వు చేస్కో" అంది. రూపాయి, రెండు కోళ్ళు గుడికి చేరాయి. నాలుగు రోజుల కూలీ చేసే తీరతానంది, నా కల్దారు రూపాయలు ముట్టుకోలేదు.

ఇంటికొచ్చాక కామాక్షి అన్నీ లెక్క చూసుకుంది. పెద్దాయన పలకలన్నీ భేషుగ్గా వచ్చాయి. కోత పండుగ పలకలో మనుషులు స్పష్టంగా, కోళ్ళు పొగమంచులా ఉన్నాయి. ఫిల్ములో కత్తిరించిన ముక్క ఎక్కడని అడిగింది. ఇచ్చేశానన్నాను. "ఫిల్ము ఎవరైనా ఇస్తారా! చెంబులు పోయాయి, ఇక..." అని అందుకోబోతే, కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. విని, ఏమీ అనకుండా లేచి, ఆ ఫోటోకి చట్రం కట్టించి, జనం తల దువ్వుకునే అద్దం పక్కన తగిలించింది.

బేరగాళ్ళు దువ్వుకుంటూ అడుగుతుంటారు, ఈ కుర్రాడెవరండీ, జుట్టు భలే ఉంది అని.

"కుర్రాడు కాదు, ముసలాయన" అంటుంది కామాక్షి. "మెదక్‌లో వాళ్ళమ్మ దగ్గరున్నాడు."